అండాలమ్మ ఎవరి బిడ్డ?

భారతమ్మగారితో వాదనకు దిగి నెగ్గినవాళ్ళను నేను చూడలేదు. మీటరు చూడ్డానికి వచ్చే కరెంటు మనిషి ఓడిపోయాడు. మా వంతు ఎగ్గొట్టి పక్క వీధికి వెళ్ళబోయిన నీళ్ళ ట్యాంకరు డ్రైవరు ఓడిపోయాడు. ఆమె ఇంట్లో వెనక పోర్షన్‌లో అద్దెకున్న నేనైతే వారానికోసారైనా ఓడిపోయేదాన్ని. ఆవిడ గొంతు పెంచేది కాదు. కొంగు నడుముకు దోపి, గడప మీద కూర్చుని, అడిగిన మాటే మళ్ళీ అడిగేది. ఎదుటివాడు విసుగెత్తి నిజం చెప్పేదాకా అక్కణ్ణుంచి లేచేది కాదు.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. ఎనభై ఐదులో హైదరాబాదు వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద రామమోహనరావుగారి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే పనిలో చేరాను. ఇల్లు చైతన్యపురిలో దొరికింది. ముందు ఎర్రమట్టి రోడ్డు, చుట్టూ సగం లేచిన గోడలు, ఎటు చూసినా ఇసక కుప్పలు. మా వైపు నుంచి వచ్చినవాళ్ళు కొనుక్కున్న ఆ ప్లాట్లన్నీ అంతకుముందు భారతమ్మగారి పుట్టింటివాళ్ళ ద్రాక్షతోటలు. ఆవిడ తమ్ముడు జనార్ధన్ పందిళ్ళు పీకించి కాలనీలు వేశాడు. తండ్రి తన పేర పెట్టిన ముక్కను మాత్రం ఆవిడ ముట్టుకోనివ్వలేదు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి, పిల్లలు లేరు. ఆ ముక్కలో ఇల్లు కట్టించి, పోర్షన్లు కిరాయికిచ్చి, పెరట్లో కాసిని ద్రాక్ష తీగలు మిగుల్చుకుంది. ప్లాట్ల బ్రోకర్లు ఎవరైనా వస్తే ఆ తీగలకు నీళ్ళు పోస్తూనే మాట్లాడేది. నీళ్ళు వాళ్ళ ప్యాంట్ల మీద కూడా పడేవి.

ఎనభై ఎనిమిదిలో జనార్ధన్ ఎల్బీనగర్ వైపు ఒక ఫంక్షన్ హాలు కట్టాడు. వాళ్ళ ఇంటిపేరు చింతబాయి. హాలుకు 'చింతబాయి గార్డెన్స్' అని పేరు పెట్టి, స్టేజీ పక్క గోడకు వంశవృక్షం బోర్డు తగిలించాలని ముచ్చటపడ్డాడు. అది కంప్యూటర్‌లో చేయించాలట. ఎందుకండీ అంటే కంప్యూటర్‌లో చేయించానని చెప్పుకోవచ్చు కదా అన్నాడు. మా కంప్యూటర్‌కి తెలుగు రాదు. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించి, ప్రింటు తీసి ఇస్తే, పెయింటరు దాన్ని చూసి తెలుగులో బోర్డు రాయాలి. ఇంత తిరుగుడు ఎందుకని రామమోహనరావుగారు అడగలేదు, పని వచ్చిందని సంతోషించారు. ఎక్కించే పని నాకు అప్పగించారు.

ఒక్కో మనిషికి ఒక్కో రికార్డు. పేరు, తండ్రి, తల్లి, భార్య లేదా భర్త. మొదటి వారంలోనే నాకు తల తిరిగింది. ఒక చుట్టం వచ్చి ఒక పేరు చెప్పి వెళ్తాడు, మర్నాడు ఇంకొకాయన వచ్చి అది తప్పు, ఎవరు చెప్పారు అని నామీద ఎగురుతాడు. ఎవరు చెప్పారో నాకు మాత్రం ఏం గుర్తుంటుంది? అందుకని ప్రతి రికార్డులో చివర ఇంకో గడి పెట్టాను. ఈ సంగతి చెప్పింది ఎవరు, చూసి చెప్పారా, విని చెప్పారా, కాగితం ఏదైనా ఉందా. ఆ గడి నిండనిదే రికార్డు సేవ్ కాకుండా ప్రోగ్రాం రాశాను. తిట్లు పడితే చెప్పినవాళ్ళకే పడాలని పెట్టిన ఏర్పాటు అది, నాకు అంతకుమించిన ఉద్దేశం లేదు.

ఒకరోజు భారతమ్మగారు నాతో బయల్దేరింది. తన గురించి ఏం రాశారో చూడాలట. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి వచ్చి, కొంగు భుజాల నిండా కప్పుకుని నా పక్కన కూర్చుంది. తన పేరు చూసుకుంది, తండ్రి పేరు చూసుకుంది. పైకి వెళ్ళమంది.

"మా ముత్తాత, మల్లయ్య తాత కింద ఎవరున్నరు?"

"కొడుకు నర్సింహగారు. మీ తాతగారు. చెప్పింది జనార్ధన్‌గారు, పట్టా కాగితం చూపించారు" అని చదివాను.

"అండాలమ్మ నాయనమ్మ?"

"నర్సింహగారి భార్య. తండ్రి పేరు ఖాళీగా ఉందండి. ఎవరూ చెప్పలేదు."

"నేను చెప్తున్న, రాయి. అండాలమ్మ మల్లయ్య బిడ్డ. నర్సింహ తాత ఇల్లరికపు అల్లుడు. ఆయన ఇంటిపేరు మేకల."

నేను రాయబోయి ఆగాను. మొగుడికీ పెళ్ళానికీ ఒకే తండ్రి అయి కూర్చుంటాడు. కంప్యూటర్‌కి సిగ్గూ ఎగ్గూ లేదు, ఒప్పుకుంటుంది. నాకే మనసొప్పలేదు. ఆ మాటే పైకి అన్నాను. రామమోహనరావుగారి ఎదుట కూర్చుని టీ తాగుతున్న జనార్ధన్ గ్లాసు కింద పెట్టి వచ్చాడు.

"అక్కా, జర ఊకో. పట్టాల 'నర్సింహ వల్ద్ మల్లయ్య' అని సాఫ్ రాసుంది. వల్ద్ అంటే కొడుకు."

"నాకెరుకే. అల్లుడని రాపిస్తే పాలోళ్ళు భూమి మీదికొస్తరని మల్లయ్య తాతనే కొడుకని రాపిచ్చిండు. నాయనమ్మ నాకు చెప్పింది."

పాలోళ్ళంటే దాయాదులు. మల్లయ్యగారి తమ్ముడి సంతానం. భూమి తగవులు వచ్చి ఎప్పుడో విడిపోయి బడంగ్‌పేటలో ఉంటున్నారు. వాళ్ళకూ వీళ్ళకూ మాటల్లేవు.

"కాగితం ఉన్నప్పుడు కాగితమే ఆధారమండీ" అన్నారు రామమోహనరావుగారు, చాలా మర్యాదగా.

"కాయితం ఆనాడు ఆడ కూసున్నోడు రాసిండు సారూ. రాసెటోనికి చెప్పింది మా తాత. అది గూడ మా ఇంటి నోటి మాటనే."

జనార్ధన్‌కి కోపం వచ్చింది. "నాయనమ్మ చెప్పిందని నువ్వంటున్నవు. నువ్వు చూసినవా? అప్పటికి నువ్వు పుట్టనే లేదు. చూసిన గవాయి ఎవరున్నరు? చెప్పు, ఎవరున్నరు?"

భారతమ్మగారు కొంగు సర్దుకుని లేచింది. వాదన నెగ్గకుండా ఆవిడ లేవడం నేను మొదటిసారి చూశాను. నాకు బాధ వేసింది. ఒకాయన మా సార్‌కి పని ఇచ్చిన మనిషి, ఈవిడ నాకు ఇల్లిచ్చిన మనిషి. ఎటు మాట్లాడితే ఏం వస్తుందోనని నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

ఇంటికి వస్తుంటే అడిగాను. "పిన్నిగారూ, ఎప్పుడో పోయినావిడ. కూతురని రాస్తే ఏంటి, కోడలని రాస్తే ఏంటి? ఎలాగూ మీ ఇంట్లోనే ఉంది కదా?"

ఆవిడ నడక ఆపింది. కోచింగు వదిలిన పిల్లలు సైకిళ్ళ మీద మమ్మల్ని తప్పుకుంటూ పోతున్నారు.

"నా పెనిమిటి పోయి నేనిక్కడికొస్తే, నన్ను మూలకు అర్రల కూసోపెట్టాలన్నరు. నన్ను కన్న మా అవ్వ గూడ అన్నది. గప్పుడు నాయనమ్మ అందరి ముంగట నా చెయ్యి పట్టుకోని చేను కాడికి తోలుకపోయింది. ఇది నేను పుట్టిన ఇల్లు, ఈ ఇంట్ల నా మనుమరాలు మూలకు కూసోదు అన్నది. ఒక్కడు మారు మాట్లాడలే. కోడలైతే అనగలుగుతదా బిడ్డా ఆ మాట? పుట్టిన ఇల్లు గనుకనే అన్నది. ఆమెను యాడికెళ్ళో వచ్చిన కోడలు జేస్తే, నేనీడ ఇట్ల తలెత్తుకోని ఉన్నది ఎవరి పుణ్యమని రాస్తవు?"

అంతవరకు అది నాకు రికార్డులో ఖాళీ గడి మాత్రమే. ఇప్పుడిక దాన్ని ఖాళీగా వదలబుద్ధి కాలేదు.

"చూసినవాళ్ళు ఎవరైనా బతికున్నారా పిన్నిగారూ?" అన్నాను.

"ఒక్కతుంది" అంది. "కాని మాతోని మాట్లాడదు."

ఆవిడ కృష్ణమ్మ. మల్లయ్యగారి తమ్ముడి ఇంటికి పసితనంలోనే కోడలుగా వచ్చిన మనిషి. అంటే శత్రువుల ఇల్లన్నమాట. ఆ ఆదివారం ఆటో మాట్లాడుకుని బడంగ్‌పేట వెళ్ళాం. దారిలో నేను నోరు ఊరుకోక, వాళ్ళు తలుపు తీయకపోతే ఏం చేద్దామని అడిగాను. తీసేదాకా గడప మీద కూర్చుంటానంది. అనుమానపడాల్సిన పని లేదు, కూర్చునేదే.

తలుపు తీసే ఉంది. అరుగు మీద నులకమంచంలో ఒక ముసలావిడ చింతపండు గింజలు తీస్తోంది. చూపు ఆనదు కాబోలు, తల ఎత్తకుండానే ఎవరని అడిగింది.

"చింతబాయి భారతమ్మను అవ్వా. అండాలమ్మ మనుమరాల్ని."

ముసలావిడ చేతులు ఆగాయి. "ఎన్నేండ్లకు దారి తప్పినవు."

"తప్పలే. నిన్నొక మాట అడగనీకొచ్చిన. మా అండాలమ్మ నాయనమ్మ ఎవరి బిడ్డ?"

లోపలి నుంచి కృష్ణమ్మ మనుమడు శ్రీనివాస్ వచ్చాడు. అతనూ ప్లాట్ల వ్యాపారమే. సంగతి విన్నాక మొహం వెలిగిపోయింది. మాకు కుర్చీలు వేయించి, నాయనమ్మ పక్కన చతికిలబడ్డాడు. "చెప్పు నాయనమ్మా. మల్లయ్య తాతకు కొడుకే లేడని చెప్పు. మేడమ్, మీరు కంప్యూటర్ల ఎక్కించి నాకొక కాపీ ఇయ్యుండ్రి. మా వకీలుకు చూపిస్త. కొడుకు లేనోని భూమి ఎవరికి రావాలె? తమ్ముని ఇంటికి రావాలె."

నేను పడుకునే మంచం కూడా ఆ భూమి మీదే ఉంది. కాలనీలో ఇళ్ళు కట్టుకున్న మా వాళ్ళందరి మంచాలూ దాని మీదే ఉన్నాయి. భారతమ్మగారి చెయ్యి పట్టుకుని లాగాను. వెళ్ళిపోదాం పిన్నిగారూ, ఇది మంచిది కాదు అని చెవిలో చెప్పాను.

"కూసో" అంది ఆవిడ, నా వైపు చూడకుండానే. "అవ్వా, నా ఇల్లు పోతే పోనీ. నువ్వు చూసింది చెప్పు. తక్కువ చెప్పకు, ఎక్కువ చెప్పకు."

కృష్ణమ్మ చింతపండు పళ్ళెం పక్కకు నెట్టింది.

"అండాలమ్మ మల్లయ్య మామ బిడ్డ. నాకు ఆడబిడ్డ. ఇల్లరికం గనుక అత్తిల్లు లేదాయె, పుట్టినిల్లు ఇడిచి పోకపాయె. మరి ఒడిబియ్యం ఎట్ల పొయ్యాలె? ఉన్న ఇంట్లనే పోసి ఉన్న ఇంటికే పంపుతరా? ఊర్లె అందరు తలలు పట్టుకున్నరు. గప్పుడు మా మామ, మల్లయ్య మామ తమ్ముడు, నేను పోస్త, నా ఇల్లు గూడ ఆ పిల్లకు పుట్టినిల్లే అన్నడు. మా ఇంట్ల కూసోపెట్టి మా అత్త పోసింది. పసుపు బియ్యం, కొబ్బరి కుడుకలు, రైక గుడ్డ. పళ్ళెం పట్టుకున్నది నేను. పళ్ళెం బరువుకు నా చేతులు వణుకుతుంటే అండాలక్క కింద నుంచి చెయ్యి పెట్టింది. ఊరంత చూసిన్రు."

మా గుంటూరు, కృష్ణా వైపు ఒడిబియ్యం లేదు. ఇక్కడికొచ్చాకే చూశాను. పెళ్ళయిన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, ఒళ్ళో పసుపు బియ్యం పోసి అత్తింటికి పంపుతారు. కోడలికి అత్తింట్లో పోయరు. ఎవరింట్లో పోశారో ఆ ఇంటి బిడ్డ అని ఊరందరికీ తెలియాల్సిందే.

శ్రీనివాస్ నవ్వుతున్నాడు. "అంటే కొడుకు లేనట్టే గద?"

"లేడు. బిడ్డున్నది" అంది కృష్ణమ్మ. "ఆ బిడ్డను, ఆ అల్లుని ఒప్పుకోని నీ ముత్తాతనే ఒడిబియ్యం పోపిచ్చిండు. పోసినంక భూమి మాదని కొట్లాటకు పోయింది మనోళ్ళే. నీ వకీలుకు ఇది గూడ చెప్పు. నన్ను తోలుకపో, నేనే చెప్త."

"నాయనమ్మా, మనకు నష్టమే అది."

"నన్నడిగింది లాభమా నష్టమా అని కాదు. ఎవరి బిడ్డ అని అడిగింది." నా వైపు తిరిగింది. "ఓ కంప్యూటరమ్మా, రాసుకున్నవా? కృష్ణమ్మ చూసిందని రాయి. విన్నదని రాయకు."

శ్రీనివాస్ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ బయటికి రాలేదు.

మర్నాడు జనార్ధన్ పెయింటర్ని వెంటబెట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేసరికి అక్కగారు నా పక్కన కూర్చుని ఉంది. బడంగ్‌పేట వెళ్ళొచ్చామని విని అతను ముందు మండిపడ్డాడు, ఒడిబియ్యం సంగతి విని కుదుటపడ్డాడు. భూమి భయం తగ్గింది. మొండితనం తగ్గలేదు.

"అయినా సరే అక్కా. హాలు మీద చింతబాయి అని పేరు పెట్టుకోని, లోపల మేకలోళ్ళమని రాసుకుంటమా? పెండ్లికొచ్చినోళ్ళంత ఇల్లరికపోళ్ళని నవ్వరా? నర్సింహ మల్లయ్య కొడుకనే ఉండాలె. నా హాలు, నా బోర్డు."

"మంచిది. నీ హాలు, నీ బోర్డు" అంది భారతమ్మగారు. నేను ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాను. ఇంత సులువుగా దిగే మనిషి కాదు. "నీ ఇష్టమున్నట్టే రాపియ్యి. కాని ఎవరు చెప్పిన్రో కింద రాస్తరు గద, బోర్డు మీద గూడ రాయాలె. నర్సింహ మల్లయ్య కొడుకు. అండాలమ్మ ఈ ఇంటి బిడ్డ కాదు. చెప్పినోడు జనార్ధన్. కొట్టు బిడ్డా."

నేను కొట్టడం మొదలుపెట్టాను. అతని పేరు అక్షరం తరవాత అక్షరం తెర మీదికి వస్తోంది.

"ఆగు" అన్నాడు జనార్ధన్. "నా పేరెందుకు? పట్టా ఉంది గద."

"పట్టాకు నోరున్నదా? రేపు బోర్డు ముంగట నిలబడి ఎవరన్న అడిగితే పట్టా లేచొచ్చి చెప్తదా? చెప్పెటోనివి నువ్వే. ఇన్నేండ్లు నీకెరుక లేదా, ఆమె ఎవరి బిడ్డనో? పెత్రమాస నాడు, పోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యమిచ్చేటప్పుడు నాయన ఆమె పేరు ఎట్ల చెప్పేటోడో నువ్వు వినలేదా? వినలేదంటే వినలేదని చెప్పు. నీ పేరు కింద నీ మాట రాపిచ్చుకో. నేనిగ నోరు తెరువను."

రామమోహనరావుగారు గొంతు సవరించుకుని, "ఆ గడి ఖాళీగా వదిలేద్దాం సూర్యప్రభా" అన్నారు.

"వదలను సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చెప్పినవాళ్ళ పేరు లేకుండా ఈ రికార్డు సేవ్ చేయను. కావాలంటే వేరేవాళ్ళతో చేయించుకోండి."

ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. పోతే పోయింది. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. జనార్ధన్ తెర దగ్గరికి వంగి చూశాడు. అతని పేరు పక్కన చిన్న గీత వెలిగి ఆరుతోంది.

"తియ్యి" అన్నాడు చివరికి.

"ఏది తీయమంటారు?"

"నా పేరు తియ్యి. ఆ మాట గూడ తియ్యి. అక్క చెప్పినట్టు రాయి." పెయింటర్ వైపు తిరిగి, "ఇంత పొడుగు బోర్డు చాలదు, కింద గవాయిల పేర్లు పడుతయి" అన్నాడు. అలా అని బయటికి వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది.

హాలు ప్రారంభం రోజున నేనూ వెళ్ళాను. బోర్డు మీద మల్లయ్య కింద అండాలమ్మ, ఆమె పక్కన ఇల్లరికపు అల్లుడు మేకల నర్సింహ. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: చూసినవారు బడంగ్‌పేట కృష్ణమ్మ, విన్నవారు భారతమ్మ, కాగితంలో వేరుగా ఉన్నది. ఆ చివరి మాట నేనే పట్టుబట్టి రాయించాను. పట్టా అబద్ధమైనా ఉంది కదా, దాన్ని దాచడం కూడా తప్పే.

కృష్ణమ్మ వచ్చింది. పిలవలేదు. మనుమడు వద్దన్నాడట, ఊళ్ళో ఇంకెవరిదో ఆటో ఎక్కి వచ్చింది. తన పేరెక్కడుందో నన్ను చూపించమంది, అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది. తరవాత బోర్డు కింద కుర్చీ వేయించుకుని కూర్చుంది. భోజనాలకు రమ్మంటే రాలేదు. "పేరు రాసిన్రు గద. ఎవరన్న అడగనీకొస్తే నేను లేకపోతే ఎట్ల?" అంది. భారతమ్మగారు ఇంకో కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. బోర్డు చూసి మూతి విరవబోయిన చుట్టాలు కింద ఆ ఇద్దరినీ చూసి నమస్కారం పెట్టి తప్పుకున్నారు. అడిగే ధైర్యం ఒక్కడికీ లేకపోయింది.

విస్తళ్ళు ఎత్తే వేళకు జనార్ధన్ వచ్చాడు. కొత్త పంచె, మెడలో పూలదండ ఇంకా ఉంది. కాసేపు బోర్డు వంక చూసి, కృష్ణమ్మ ముందు కింద కూర్చున్నాడు.

"అవ్వా, నాయనమ్మ పోయేనాటికి నేను చిన్నపోరణ్ణి. నాకామె ముఖం యాదికి లేదు. ఎట్లుండేది?"

"మొండిది" అంది కృష్ణమ్మ. "మల్లయ్య మామ మంచి సంబంధం జూసిండు, అత్తింటికి పంపనీకి బండి గూడ కట్టించిండు. నేను ఈ ఇల్లిడిచి పోను, కావాల్నంటే పెండ్లికొడుకునే ఈడికి రమ్మను అన్నది. ఎంతమంది చెప్పినా పోలే. ఆమె పోలే గనుకనే మీరందరు ఈడున్నరు."